నాలుగు రోజులకి ఏమీ కాదు

మరదలికి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. రోజుకి రెండు బిళ్ళలు వేసుకుంటే ఏ గొడవా లేదు. ఆరేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే: లారీ మీద నెలకి ఇరవై రోజులు ఊళ్ళు తిరిగే మొగుడికి, అదే ఇంట్లో ఉండే అతని అక్కకి, అంటే వదినకి. కుట్టు కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే మిషను దగ్గర కూర్చోనివ్వరు.

వదినామరదళ్ళిద్దరూ ఆ కంపెనీలోనే చొక్కా కాలర్లు కుట్టేవారు. వదినది పద్నాలుగేళ్ళ సర్వీసు. అయినా సూపర్‌వైజరు పోస్టు ఖాళీ కాగానే యజమాని మరదలి పేరు అన్నాడు. సోమవారం వచ్చి ఆమె పని నడిపే తీరు చూసి ఖాయం చేస్తానన్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది వదినే.

మందులు తెచ్చే పని మొదటి నుంచీ వదినదే. ఆ బుధవారం సాయంత్రం ఆమె మందుల షాపులో చాలాసేపు నిలబడింది. షాపావిడకి అడిగినవాళ్ళకి విడమర్చి చెప్పడమంటే సరదా.

"ఇదే మందు వేరే కంపెనీది సగం ధరకే వస్తుందటగా?"

"వస్తుందమ్మా, లోపలి మందు అదే. కానీ ఫిట్స్ బిళ్ళల కంపెనీ మార్చే ముందు డాక్టర్ని ఒక మాట అడగాలి."

"చీటీ పాతదైతే ఇవ్వరా?"

"గడువు దాటితే ఇవ్వకూడదు. మీ చీటీకి ఇంకా రెండు నెలలుంది."

"అసలు మొత్తానికే మానేస్తే?"

షాపావిడ కళ్ళజోడు తీసింది. "ఆ పని మాత్రం చెయ్యనివ్వకండి. మూడు నాలుగు రోజుల్లో మళ్ళీ వచ్చేస్తాయి, ఇదివరకటికంటే గట్టిగా."

వదిన తలూపి, నెలకి సరిపడా కొని, సంచి అడుగున పెట్టుకుంది.

ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుంది. "చీటీ గడువైపోయిందిట, ఇవ్వనంది. డాక్టరేమో మంగళవారం దాకా ఊళ్ళో లేడు. నాలుగు రోజులకి ఏమీ కాదని షాపావిడే చెప్పిందిలే. బెంగపెట్టుకోకు."

మరదలు నమ్మింది. గురువారంతో ఉన్న బిళ్ళలు అయిపోయాయి. ఆదివారం చెయ్యి అదురుతోందని చెబితే, వదిన ఆమె తల నిమిరి, "రేపటి భయమే అది, పడుకో" అంది.

సోమవారం పదకొండింటికి, యజమాని చూస్తుండగానే మరదలు మిషను మీదికి ఒరిగిపోయింది. కాలు పెడలు మీదే బిగుసుకుపోయింది. సూది చూపుడువేలిలో రెండుసార్లు దిగింది. ముప్పైమంది ముందు చీర తడిసిపోయింది. వదిన పరుగున వచ్చి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, అందరికీ వినపడేలా ఏడ్చింది: "దీనికి చిన్నప్పటి నుంచీ ఇంతేనండీ! దాచొద్దే, అయ్యగారికి చెప్పేయవే అని ఎంత మొత్తుకున్నానో!"

మరదలి ఉద్యోగం పోయింది. ఆ పోస్టు వదినకి వచ్చింది.

పది రోజుల తర్వాత, వేలికి కట్టుతో, ఆస్పత్రివాళ్ళు రాసిచ్చిన కొత్త చీటీ పట్టుకుని మరదలు తనే షాపుకి వచ్చింది.

"నాలుగు రోజులకి ఏమీ కాదని మా వదినతో ఎందుకన్నారండీ?" గొంతులో కోపం లేదు, తెలుసుకుందామనే అడిగింది.

"నేనా?" షాపావిడ చీటీ మీద పేరు చూసి బిల్లుల పుస్తకం తిరగేసింది. "ఇదిగో, రెండు వారాల కిందట బుధవారమే నెల మందులు తీసుకెళ్ళారే! మానేస్తే ఏమవుతుందో కూడా ఆవిడే అడిగారు, చెప్పాను."

మరదలు గాజుబల్ల అంచు పట్టుకుంది. "ఆస్పత్రిలో మూడు రోజులూ ముద్దలు కలిపి నోట్లో పెట్టిందండీ" అంది.

"పోలీసులకి చెప్పమ్మా. నేనొచ్చి సాక్ష్యం చెబుతాను."

"చెప్పి ఏం చెయ్యను? మా ఆయన లారీ డబ్బులు చాలవు. ఇప్పుడు ఇల్లు గడిచేది ఆవిడ జీతం మీదే." బయటికి చూస్తూ అంది: "మీరీ మాట చెప్పకుండా ఉండాల్సిందండీ. పొద్దుటిదాకా నాకు ఇంట్లో ఒక మనిషి ఉండేది."

మందులు తీసుకుంది. నీళ్ళడిగి ఒక బిళ్ళ అక్కడే మింగింది. మిగిలిన అట్టలు జాకెట్టులో దోపుకుని, పైన కొంగు సర్దుకుని ఇంటికి నడిచింది.