రెండు గంటలకొకసారి

నాచారంలో మా ఇంటి గోడకు ఒక టైంటేబుల్ అంటించాను. ఎడమ, వెల్లకిల, కుడి. రెండు గంటలకో పీరియడ్. పక్షవాతంతో మంచం పట్టిన మా అత్తమ్మ శంకరమ్మకు పుండ్లు పడకుండా నర్సు నేర్పిన పద్ధతి అది. మోకాళ్ల మధ్య దిండు ఉండాలి, మడమలు పరుపుకు ఆనకూడదు, ఎర్రబడ్డ చోట రుద్దకూడదు. పక్కకు మర్లేసినప్పుడల్లా సంతకం పెట్టాలన్నది మాత్రం నా చేర్పు. ఇరవై ఏళ్లుగా బడిలో హాజరుపట్టీ రాస్తున్నదాన్ని.

“గివన్నీ నాకెందుకు పద్మా? నువ్వే లీవు పెట్టరాదు?” అన్నారు మా ఆయన దయాకర్. ఆయన ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంటున్నారు. నిరుడు మా అమ్మ ఉప్పల్‌లో ఇలాగే మంచాన ఉన్నప్పుడు, “దినాం అటు పోతే ఇంట్ల వంటెట్ల?” అన్నది అత్తమ్మ. నాలుగు కిలోమీటర్లు. నేను వెళ్లేసరికి అమ్మ నడుము కింద నా పిడికిలి పట్టేంత పుండు. అంతకంటే రాయలేను.

నిన్న నాలుగున్నరకు బడి నుంచి వచ్చి చూస్తే, టైంటేబుల్లో రాత్రి ఎనిమిది దాకా ఆయన సంతకాలున్నాయి. అత్తమ్మ ఎడమకే తిరిగి ఉంది.

“ఎప్పటిసంది ఇట్లున్నరు అత్తమ్మా?”

“పొద్దున నువ్వు బోయినకాడికెళ్లి. ఆ గోడ మీది బల్లిని సూసి సూసి మల్లవ్వ అని పేరు గూడ పెట్టిన.”

ఆమెను కుడికి తిప్పాను. ఎడమ తుంటి ఎర్రగా ఉంది. వేలితో నొక్కినా ఎరుపు పోలేదు. పుండుకు అదే మొదలని నర్సు చెప్పింది.

“ఎనిమిదింటి సంతకం ఇప్పుడే ఎట్ల పెట్టిన్రు?” అని ఆయన్ని అడిగాను.

“నువ్వొచ్చి ఎట్లన్న జేస్తవు గదా అని.”

మంచం పక్కన చాప పరిచాను. “ఎడమకు పండుకోండి. రెండు గంటలు. కదలొద్దు.”

ఆయన నవ్వుతూ పడుకున్నారు. అత్తమ్మ పైనుంచి కాపలా కాసింది. “అగో, కాలు కదిలింది!” పద్దెనిమిదో నిమిషంలో ఆయన నడుం పట్టేసిందంటూ లేచి కూర్చున్నారు.

“నేను ఎనిమిది గంటలున్న కొడుకా,” అన్నది అత్తమ్మ.

ఆయన నడుం రుద్దుకుంటూ నా వైపు తిరిగారు. “అందుకే అంటున్న, నువ్వు లీవు పెట్టు.”

“పెట్టను,” అన్నాను. “మా అమ్మకే పెట్టలేదు.”

అత్తమ్మ నా వైపు చూసింది. తర్వాత కొడుకును పిలిచింది.

“దయాకరూ, ఆరున్నరకు నన్ను నువ్వే మర్లెయ్యాలె. పో, చేతులు కడుక్కొని రా.”