గోడ మీద దేవదాసు

సిద్దిపేటలో పుట్టి హైదరాబాద్‌ను గడగడలాడించిన డిటెక్టివ్ ఎవరయ్యా అంటే, మైత్రి. ఆమె కన్ను పడితే దొంగ తానే వచ్చి చేతులు చాపాల్సిందే. గడగడలాడినోళ్లంతా పెళ్లికొడుకులే అనుకోండి. ఇప్పటిదాకా ఆమె బయటపెట్టిన ఘోరాలు మూడు విగ్గులు, ఒక పెట్టుడు పన్ను.

అట్లాంటి మైత్రి నారాయణరావుపేట రోడ్డు మీది పుట్టింటికొచ్చి, పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని కూర్చున్నది. చేతిలో చాయ్, ఒళ్లో నోటుబుక్కు. ఎనిమిది నెలల కింద బాపు దేవదాసు కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి పడి చనిపోయిండు. నడుముకు కట్టుకునే మోకు తెగింది. ఆ వారమే తమ్ముడు గజేందర్ కొత్త మోకు పేనిచ్చిండు. బాపు దాన్ని వాడంతా తిప్పి చూపించుకున్నడు. అందుకని తెగింది అదేనని అందరూ అనుకున్నరు. అందరికన్న ముందు గజేందర్ అనుకున్నడు. ఆ ఏడుపుల మధ్య తాడును ఎవరూ తేరిపార చూడలేదు. అది బాపుతోనే చితి మీదికి పోయింది.

"నీ ఎంక్వైరీ బంద్ చెయ్ అక్కా," గోడకు వీపు పెట్టి కూర్చున్న గజేందర్ అన్నడు. "పదింటికి గీత సంఘంల చెట్లు అప్పజెప్పి, ఇగ కత్తి ముట్టనని రాసిస్త. బాపును సంపింది నేనే గద."

"నోర్ముయ్. ఎవరు సంపిన్రో తేల్చేది నేను. ఇంటి డిటెక్టివ్ అంటే లోకువనా?"

అంతలో పెరట్లోకి ఎండ వచ్చింది. తాటిచెట్టు నీడ సున్నపు గోడ మీద పడింది. రోజూలాగే దేవదాసు నీడ వచ్చి, నడుముకు మోకు చుట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. చెట్టు మీద ఎవరూ లేరు. గోడ మీదే.

"దేవదాసు ఎక్కుతుండు, ఏడైంది, లేవే!" పక్కింటి నవనీత తన బిడ్డను బడికి లేపుతోంది.

వాడ వాళ్లు ఆ నీడలో టైం చూసుకుంటరు. తల్లి చంద్రవ్వ పొయ్యి మీంచి తల ఎత్తదు. గజేందర్ ఇటు తిరగడు. మనిషిని చూసేటోళ్లే లేరు.

మైత్రి చూసింది. ముందు కళ్లు నిండి ఏమీ కనిపించలేదు. చున్నీతో తుడుచుకుని, గోడకు ముక్కు ఆనేంత దగ్గరికి పోయింది. బాపు నడుము పక్కన, తాడు మీద, రేగుపండంత బుడిపె.

"తమ్మీ, నీ మోకుకు ముడి ఉండెనా?"

"ముడెందుకుంటది? అతుకులేసి పేనుతనా నేను?" గజేందర్‌కు రోషమొచ్చింది. "ముడి బాపు పాతదానికుండె. గది పారెయ్యమని కొట్లాడి గద కొత్తది పేనింది."

"ఇటు తిరుగు."

"నాతోని గాదక్కా."

"తిరుగురా!"

తిరిగిండు. గోడ మీద నీడ ఆగింది. చొక్కా కొలతకు నిలబడినట్టు నడుము కొంచెం ఇటు తిప్పింది. గజేందర్ వేలితో ఆ బుడిపెను ముట్టిండు.

"పాతదే! అవ్వా, పాతదేనే!"

చంద్రవ్వ ఎనిమిది నెలల తర్వాత తల ఎత్తి మొగణ్ని చూసింది. "పాత చెప్పులే పారేయబుద్ధి గాకపోవు ఈయనకు. నీ మనసు నొస్తదని నీకు చెప్పలేదేమో బిడ్డా, పిచ్చోడు."

గజేందర్ అక్కడే కూలబడి, చిన్నపిల్లగాడిలా గట్టిగా ఏడ్చిండు. తర్వాత మొహం కడుక్కుని, కొయ్యకున్న గీత కత్తులు దించుకున్నడు. గోడ మీద దేవదాసు చెట్టు కొసన మొవ్వ దాకా పోయి, ఆ రోజు దిగలేదు. మట్టల మధ్య తీరిగ్గా కూర్చున్నడు.

"అయితే అక్కా, నా మోకు ఏడవోయినట్టు? ఇప్పుడు నాకు గదే గావాలె."

డిటెక్టివ్ నోటుబుక్కు మూసేసింది. చెవులు ఎర్రబడ్డయి. కల్లు గీసే ఇంట్ల పుట్టిన మనిషి, ఎట్ల చెప్పుకుంటది?

"బాపు పడే ముందురోజు నాకు బియ్యం మూట పంపిండు గద..." గొంతు తగ్గించింది. "దానికి కట్టిన తాడు మస్తు గట్టిగున్నదని బాల్కనీల దండెం కట్టిన. ఎనిమిది నెలల సంది నా బట్టలు దానిమీదనే ఆరుతున్నయ్‌రా."