మూడు వందల డెబ్బై కాళ్లు

పుంగనూరు బస్టాండు వెనక సందులో మల్లప్పకు మూడు కంప్యూటర్ల ఆటల అంగడి ఉండేది. అంతకుముందు పద్దెనిమిదేండ్లు మదనపల్లెలో బోరు మోటార్లకు వైండింగ్ కట్టినాడు. ఏడో తరగతి సగంలో బడి మానేసి రాగితీగ పట్టిన చేయి అది. వరసగా కరువు వచ్చి బోర్లలో నీళ్లే లేకుండా పోయినాక, మోటారు కాలితే ఏంది, కాలకుంటే ఏంది అని రైతులు వాటిని పైకి తీయడమే మానుకున్నారు. అప్పుడు పెట్టినాడు ఈ అంగడి. కంప్యూటర్లు విప్పడం, బిగించడం ఎవరి కాళ్లూ పట్టుకోకుండా తానే నేర్చుకున్నాడు.

రెండువేల మూడులో సందుకు ఎదురుగా వరుణ్ అనే ఎంసీఏ కుర్రోడు కొత్త మిషన్లతో ఇంకో అంగడి తెరిచినాడు. అదే సమయానికి కార్ల పందెం ఆట ఒకటి కొత్తగా దిగింది. వరుణ్ దగ్గర అది నీళ్లు పారినట్టు పోతాంటే, మల్లప్ప దగ్గరుండే వాటిల్లో మంచిదాని మీద కూడా అడుగడుక్కీ బిగుసుకుంటా ఉండేది.

"అన్నా, నీ కారు మలుపు తిరిగేలోపల నేను టీ తాగి వచ్చినా," అన్నాడు బాలాజీ. బస్టాండులో పండ్లబండి వాడు, రోజూ వచ్చే గిరాకీ.

టీ అంగడి దగ్గర వరుణ్ అనిన మాట ఇంకా లోతుగా దిగింది. "మల్లప్పన్న మంచోడే. కాకపోతే బోరు మోటారు బిగించినట్టు బిగిస్తాండాడు కంప్యూటర్లను." అందరూ నవ్వినారు. ఆ నవ్వినోళ్ల ముందరే మల్లప్ప గ్లాసు కింద పెట్టి అన్నాడు: "వచ్చే ఆదివారానికి నా మిషన్లో ఆ కారు ఆగకుండా పోవల్ల. పోలేదంటే అంగడి మూసేసి మళ్లా వైండింగుకు పోతా."

మెమరీ అంతకుముందే పెంచి చూసినాడు. ఇక మార్చాల్సింది ప్రాసెసరే. కుప్పంలో హాస్టల్లో ఉండి కంప్యూటర్ డిప్లొమా చదువుతాండే కూతురు సుష్మకు ఫోన్ చేసినాడు.

"ప్రాసెసర్ పెద్దదైతే చాలదు నాయనా. దాన్ని బిగించే నీ మదర్‌బోర్డు దాన్ని గుర్తుపట్టల్ల. బోర్డు మీద పేరూ నంబరూ అచ్చేసి ఉంటాయి, సూసి చెప్పు. ఏది పడతాదో మా సార్ని అడిగి చెప్తా."

చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. ఒక్కో అక్షరం పలికి చెప్తే కూతురు అవతల దిద్దతా ఉంటాది. ఆ దిద్దించుకోవడం మల్లప్పకు నచ్చలేదు.

"మీ సారు ఎన్ని మోటార్లు విప్పినాడంట?"

"ఇది మోటారు కాదు నాయనా."

మల్లప్ప ఫోన్ పెట్టేసినాడు.

వైండింగోళ్లకు ఒక పద్ధతి ఉంది. పేరు చెప్పి సామాను కొనరు. పాతది చేత పట్టుకుని పోతారు. దాని పక్కన కొత్తది పెట్టి, పన్నుకు పన్ను, బెజ్జానికి బెజ్జం సరిపోతేనే తీసుకుంటారు. పద్దెనిమిదేండ్లలో ఆ పద్ధతి మల్లప్పను ఒక్కసారి కూడా మోసం చేయలేదు. పాత ప్రాసెసర్ ఊడబెరికి, దూదిలో చుట్టి, చొక్కాజేబులో పెట్టుకుని బెంగుళూరు బస్సెక్కినాడు.

అక్కడి అంగడాయన రెండు తీసి ముందర పెట్టినాడు. ఒకటి వెయ్యి మెగాహెర్ట్జ్ వేగంది, పైన బోడిగా ఉంది. ఇంకొకటి పదమూడు వందలది, పైన తళతళలాడే ఉక్కు మూత ఉంది. మల్లప్ప జేబులోనుంచి కుట్టుసూది తీసి మూతదాని అడుగున ఉండే పిన్నులను, అంటే దాని కాళ్లను, లెక్క పెట్టినాడు. మూడు వందల డెబ్బై. పాతదానివీ అంతే. నమ్మకం లేక మళ్లా మొదటినుంచి పెట్టినాడు. వెనకుండే గిరాకీలు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

"బోర్డు యావుదప్పా నీది?" అన్నాడు అంగడాయన.

"బోర్డుతో పనేముంది? కాలుకు కాలు సరిపోయింది కదా."

"బిగించినాక వాపసు తీసుకోము మరి."

"వాపసు ఇచ్చే మనిషిగా కనపడతాండానా నీకు?" అని మల్లప్ప మూతదే కొన్నాడు.

ఆదివారం పొద్దున బాలాజీతో పాటు ఐదారుమంది చేరినారు. వరుణ్ కూడా వచ్చి వాకిట్లో నిలబడినాడు. సుష్మ కుప్పం బస్సు దిగి నేరుగా అంగడికే వచ్చింది. ప్రాసెసర్ దాని చోట్లో వెన్నలో వేలు దిగినట్టు దిగింది. మల్లప్ప అందరి మొగాలూ ఒకసారి చూసి స్విచ్ వేసినాడు. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

తీసి మళ్లా పెట్టినాడు. మూడోసారీ పెట్టినాడు. ఫ్యాను ఒక్కటే తిరగతాండాది.

"కారింకా షెడ్డులోనే ఉందేమోన్నా," అన్నాడు బాలాజీ.

సుష్మ టార్చిలైటు తీసుకుని వంగి బోర్డు మీద అక్షరాలు చదివింది. ఉక్కు మూతను చూసింది. నిమిషం కూడా పట్టలేదు. తలెత్తి తండ్రి వైపు చూసింది.

"సామానే చెడింది నాయనా. కాలిపోయినదాన్ని నీకు అంటగట్టినారు."

వరుణ్ లోపలికొచ్చి ప్రాసెసర్‌ను అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసినాడు. వానికీ తెలిసిపోయింది. తెలిసిందని మల్లప్పకూ తెలిసింది.

"అవునన్నా. బెంగుళూరులో ఇట్లాంటివి జరగతాంటాయి," అని ముసలాయనకు మాత్ర అందించినట్టు మెల్లగా చేతిలో పెట్టి వెళ్లిపోయినాడు. ఒక్క ఎకసెక్కం కూడా ఆడలేదు. వాడు నవ్వింటే మల్లప్ప కొట్లాటకన్నా పోయుండేవాడు.

"నీ తప్పు కాదంటే ఇంక అంగడి మూసే పనేముందిలేన్నా," అని బాలాజీ కూడా లేచినాడు. ఒకరి వెనక ఒకరు అందరూ సందు దాటి వరుణ్ అంగడికే పోయినారు.

ఇద్దరే మిగిలినాక మల్లప్ప అడిగినాడు. "చెడిందేనా అది?"

"కాదు. కాళ్లు అవే అయినా దానికి కావాల్సిన కరెంటు వేరే. ఈ బోర్డు ఇయ్యలేదు. ఇంతకంటే చిన్నది, బోడి తలది ఒకటి ఉంటాది సూడు, వెయ్యిది. అది పడేది."

"ఎవురడిగినారు నిన్ను అబద్ధం చెప్పమని?"

"నీ మొగం అడిగింది నాయనా."

మల్లప్ప లేచి సందు దాటి వరుణ్ అంగడి వాకిట్లో నిలబడినాడు. లోపల అన్ని తెరల మీదా కార్లు పరిగెత్తతాండాయి. "సామాను మంచిదే," అన్నాడు గట్టిగా. "నేనే తెలియక కొన్నా."

"తెలుసులేన్నా," అన్నాడు వరుణ్. "కూర్చో, టీ చెప్తా."

ఇంకెవరూ తల తిప్పలేదు. తెర మీదనుంచి కన్ను తీయకుండానే బాలాజీ అన్నాడు: "పక్కకు జరగన్నా, వెలుతురుకు అడ్డమొస్తాండావు."

మల్లప్ప జరిగినాడు.

వారం తిరక్కముందే మూడు మిషన్లూ వరుణ్‌కే ఇచ్చేసి మదనపల్లెలో పాత వైండింగ్ అంగట్లో కూర్చున్నాడు. సుష్మ ఎంత చెప్పినా వినలేదు. తర్వాత ఎప్పుడో మామిడికాయల మండీకని వచ్చిన బాలాజీ కనపడి, వరుణ్ ఆ మంచి మిషన్లోకి వెయ్యిదే తెప్పించి బిగించినాడనీ, ఆట బాగా నడస్తాందనీ చెప్పినాడు.

మల్లప్ప చేతిలోని మోటారు మీదికి వంగినాడు. తీగ చుట్ల లెక్క ఎంతవరకు వచ్చిందో మరచిపోయి, విప్పి మళ్లా మొదలుపెట్టినాడు.