తొమ్మిదో అంతస్తు గాలి

గ్యాస్ అయిపోయిందని చెప్పడం వరకే కస్మాన్ పని. పొద్దున స్టవ్ వెలక్కపోతే, "ఇదిగో, గ్యాసయిపోయింది" అని ఒక మాట భార్య చెవిన పడేసి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ డ్యూటీకి వెళ్లిపోయాడు. తుర్సినీ ఖాళీ అయిన చిన్న సిలిండర్ చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. లిఫ్టు మళ్లీ ఆగింది. నిండు సిలిండర్‌తో తిరిగి తొమ్మిదో అంతస్తుకి ఎక్కుతూ ఐదో అంతస్తు మలుపులో కూలబడింది. అక్కడ ఎవరో పాత ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేశారు. అందులో మగవాళ్లు కూర్చోగా ఆమె ఎప్పుడూ చూడలేదు. వాళ్లు పొద్దున దిగుతారు, సాయంత్రం ఎక్కుతారు, అంతే. తాగేనీళ్ల డబ్బా, బియ్యం, చెత్తబుట్ట, బడి నుంచి వచ్చే పిల్లలు, అన్నీ ఆడవాళ్ల మోకాళ్ల మీదుగానే పైకీ కిందికీ వెళ్లాలి.

నది ఒడ్డున ఉన్న పాత ఇల్లు గొప్పదని ఆమె ఎన్నడూ అనుకోలేదు. వానాకాలం వస్తే నల్లటి నీళ్లు మంచం కోళ్ల దాకా వచ్చేవి. జకార్తా మునగకుండా ఉండాలంటే నదిని వెడల్పు చెయ్యాలన్నారు, ఒడ్డున ఉన్నవాళ్లని ఖాళీ చేయించారు, ఊరి చివర ఈ ప్రభుత్వ మేడల్లో తలా ఒక వాటా ఇచ్చారు. పొక్లెయిన్ వచ్చిన రోజు ఆమె ఏడవలేదు. ఏడుపు తర్వాత వచ్చింది, ఇక్కడ, ఒక మధ్యాహ్నం, వంట మధ్యలో ఉప్పు నిండుకున్నప్పుడు. అక్కడ గుమ్మంలోంచి చెయ్యి చాపితే పక్కింటి ఎలిస్ చేతికి అందేది. తెల్లారేసరికి కొబ్బరిపాల అన్నం వండి, సోయా గింజల టెంపే ముక్కలు వేయించి, గుమ్మం ముందు బల్ల వేసి అమ్మితే ఎండెక్కేలోపు గిన్నె ఖాళీ. తుర్సినీ పొట్లాలు కడుతుంటే అత్తగారిని ఎలిస్ చూసుకునేది, ఎలిస్ బట్టలుతుకుతుంటే వాళ్ల పిల్లని ఈమె చూసుకునేది. అదంతా పనని అప్పుడు ఎవరూ అనలేదు. ఇక్కడ వరండాలో ఏదీ అమ్మకూడదని రూలు. ఎలిస్‌కి మరో బ్లాకులో ఇల్లొచ్చింది. పనంతా ఒక్క మనిషి మీద పడ్డాక గానీ అది ఎంత పనో తెలియలేదు. ఇప్పుడు సబ్బు కావాలన్నా భర్తని అడగాలి. అడిగితే అతను ముందు ఆశ్చర్యపోతాడు. "మొన్ననేగా తెచ్చావు? తింటున్నావా ఏంటి?" అంటాడు. అలసిపోయానంటే మాత్రం నవ్వుతాడు. "గవర్నమెంటు మేడ ఇచ్చింది. నున్నటి నేల, కుళాయి తిప్పితే నీళ్లు. మా అమ్మ నది నీళ్లతో సంసారం చేసింది తెలుసా? నీకు కాళ్లు కింద ఆనడం లేదే."

ఆ అమ్మే, సాయెమ్, ఇక్కడికొచ్చిన కొన్నాళ్లకి పక్షవాతంతో పడిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పోయాయి. మాట ముద్దగా వస్తుంది. వారం వారం కింద ఆరోగ్య కేంద్రంలో కాలికి కసరత్తు చేయించాలి. లిఫ్టు ఉంటే సరే. లేనప్పుడు పసిపిల్లల్ని కట్టుకునే బాతిక్ గుడ్డతో అత్తగారిని వీపుకి బిగించుకుని తుర్సినీయే దిగుతుంది, తుర్సినీయే ఎక్కుతుంది. ఓ చెయ్యి వెయ్యమని మొదట్లో భర్తని అడిగింది. "నా నడుం సంగతి నీకు తెలీదా? ఒకప్పుడు ఓడరేవులో మూటలు మోసినవాణ్ణి" అన్నాడు. అతనిప్పుడు గోదాము గేటు దగ్గర కుర్చీలో కూర్చునే కాపలాదారు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఒక గొడవ పడాలంటే కూడా కొంత ఓపిక మిగలాలి.

సాయెమ్ ఆమెనేమీ పొగిడేది కాదు. "మెల్లిగా దిగవే, ఎముకలు కదిలిపోతున్నాయ్" అని వీపు మీంచే విసుక్కునేది. ఇరవై ఏళ్లుగా కూరలో ఉప్పు మీద వచ్చిన విసుగే అది. తుర్సినీకి అలవాటే.

ఒకరోజు మేడల ఆఫీసు నుంచి కబురొచ్చింది. వేరే దేశం నుంచి ఎవరో పెద్దమనుషులు ఇళ్ల పథకం చూడ్డానికి వస్తున్నారట. శుభ్రంగా ఉండే ఇల్లు కావాలట, వీళ్లది ఎంచుకున్నారట. కస్మాన్ పొంగిపోయాడు. సెలవు పెట్టి, బాతిక్ చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. చేసింది ఆమే. నేల తుడిచింది, కిటికీలు కడిగింది, అరటికాయ బజ్జీలు వేసింది. ఆ పొద్దున్నే లిఫ్టు బాగైంది.

వచ్చినవాళ్లలో ఒకావిడ మంచం మీదున్న సాయెమ్‌ని చూసి ఆగింది. "ఇంత పైన పెద్దావిడకి ఇబ్బంది కాదా?" అని అడిగింది. పక్కనున్న అతను ఆ మాట తర్జుమా చేసి చెప్పాడు. కస్మాన్ చేతులు కట్టుకుని, "ఇబ్బందేముందండీ. లిఫ్టు ఎప్పుడైనా ఆగితే మేమే వీపు మీద మోసుకెళ్తాం. కన్నతల్లి కదా" అన్నాడు.

బజ్జీల పళ్లెం పట్టుకుని తుర్సినీ నేలకేసి చూస్తోంది. మంచం మీంచి ముద్దమాట వినిపించింది.

"మేమా? నీ వీపు నేనెప్పుడు చూశాన్రా?"

తర్జుమా చేసే అతను ఒక క్షణం తడబడి, "ఆవిడ చాలా సంతోషంగా ఉన్నానంటున్నారు" అని చెప్పాడు. అందరూ తలలూపారు. ఫొటో తీసుకుని వెళ్లిపోయారు.

తలుపు మూసుకోగానే కస్మాన్ తల్లిని ఏమీ అనలేదు. భార్య వైపు తిరిగాడు. "పదిమందిలో నా పరువు తియ్యమని నువ్వే నేర్పావు కదూ?" ఆమె పళ్లెం కడిగింది. ఎన్నాళ్ల నుంచో ఎక్కడో బిగుసుకుపోయినది కాస్త వదులైనట్టనిపించింది. తనని చూసినవాళ్లు ఒకరున్నారు. అదీ ఎవరు!

వారం తిరిగేసరికి లిఫ్టు మళ్లీ ఆగింది. అత్తగారిని కట్టుకుని తుర్సినీ దిగడం మొదలుపెట్టింది. ఐదో అంతస్తు దగ్గర వీపు మీంచి, "దించు. కాస్త ఊపిరి తీసుకో" అంది సాయెమ్. ఇన్నాళ్లలో ఆ మాట మొదటిసారి. తుర్సినీ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి తను మెట్టు మీద కూర్చుంది.

"వరదొచ్చినప్పుడు సామానంతా నేనే అటకెక్కించేదాన్ని, కడుపులో వీడు" అంది సాయెమ్, మాట మాట కూడదీసుకుంటూ. "మీ మావ జనాలకి చెప్పుకునేవాడు, మేం ఎక్కించామని. నేను నోరెత్తలేదు. వీడు అది చూస్తూ పెరిగాడు."

తుర్సినీ బాతిక్ గుడ్డ అంచుతో ఆమె నోటి పక్క కారిన ఎంగిలి తుడిచింది.

కసరత్తు అయ్యాక తిరిగొస్తుంటే, లిఫ్టు సంగతి కనుక్కుందామని మేడల ఆఫీసులో ఆగింది. బల్ల వెనక కుర్రాడు మంచివాడే. సాయెమ్‌కి కుర్చీ లాగి వేశాడు. "లిఫ్టు నా చేతుల్లో లేదమ్మా. అయినా ఈవిడ కోసం మీకు కింద ఇల్లు ఇస్తామన్నాం కదా, నడవలేనివాళ్లకని ఉంచినవి. మీ ఆయనే వద్దన్నారు."

"ఎప్పుడు?"

"పెద్దావిడ ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలోనే. కింద గాలి రాదు, మురుగువాసన, మాకు తొమ్మిదే బాగుంది అన్నారు. మీకు చెప్పలేదా?"

ఇన్నాళ్లూ ఎక్కిన మెట్లన్నీ ఆమెకి అప్పుడే మళ్లీ ఎక్కినట్టనిపించింది. సాయంత్రం కిటికీ దగ్గర చొక్కా విప్పి, "ఆహా, ఏం గాలి" అంటూ కూర్చునే మనిషి కళ్ల ముందు మెదిలాడు. ఆ వేళకి తను వంటింట్లో ఉంటుంది. ఆ గాలి ఒక్కనాడూ తన ఒంటికి తగల్లేదు.

"ఇప్పుడు ఉందా, కింద ఇల్లు?"

"ఒకటుంది. కానీ ఇంటిపెద్ద వచ్చి అడగాలమ్మా. మీరు అడిగితే కుదరదు. అది రూలు."

సాయెమ్ కోడలి వైపు చూసింది. బాతిక్ గుడ్డని కుడిచేత్తో మెల్లిగా ఒళ్లోకి లాక్కుని, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. మళ్లీ కట్టుకోవడానికి ఇవ్వదలచుకోనట్టు.

సాయంత్రానికి ఇద్దరూ కింద స్తంభాల మధ్య చాప మీద ఉన్నారు. కబురు తెలిసి ఎలిస్ తన బ్లాకు నుంచి అన్నం, ఎండుచేపల పచ్చడి తెచ్చింది. డ్యూటీ దిగి వెనక మెట్ల మీదుగా ఇంటికెళ్లిన కస్మాన్ ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావే? స్టవ్ మీద ఏమీ లేదు. అమ్మేది?"

"కిందున్నాం. ఆఫీసు ముందు."

"పైకి రండి, ఆకలేస్తోంది."

"ఎక్కం. కింద ఇల్లు కావాలని నువ్వొచ్చి అడగాలి. నేనడిగితే చెల్లదట, ఇంటిపెద్ద రావాలట." ఆమె గొంతు పెంచలేదు. పెంచడానికి ఓపిక లేదు కూడా. "ఆఫీసు కుర్రాడు ఇంకాసేపుంటాడు. వద్దనుకుంటే దిగొచ్చి మీ అమ్మని నువ్వే ఎక్కించుకో."

"లిఫ్టు పని చెయ్యట్లేదుగా" అన్నాడు కస్మాన్.

"తెలుసు" అని ఫోన్ పెట్టేసి, వేడి తగ్గకముందే తుర్సినీ అన్నం కలుపుకుంది.