ఏడు బురుజుల కోట

నాచారంలో సీసా మూతలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఎస్తేర్‌ది పదహారేళ్లుగా ఒకటే పని. మెషీను నుంచి రాలిపడే మూతల్లో చెడ్డవాటిని ఏరి పక్కన పెట్టాలి. అంచు వెంట్రుకవాసి పెరిగినా, లోపలి మర కొంచెం తప్పినా ముందు ఆమె వేళ్లకు తెలుస్తుంది, కళ్లకు ఆ తర్వాత. బొమ్మ ఇటుకల పిచ్చి కూడా ఆమెకు ఆ వేళ్ల నుంచే పట్టుకుంది.

పిల్లలు ఆడుకునే చిన్న చిన్న ప్లాస్టిక్ ఇటుకలవి. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కున పట్టుకుంటాయి. వాటిని ఆమె మొదట చూసింది ఉప్పలమ్మ గోనెసంచిలో. ఉప్పలమ్మ జవహర్‌నగర్ చెత్తగుట్ట దగ్గర ప్లాస్టిక్ ఏరి అమ్ముకునే మనిషి. ఫ్యాక్టరీలో మిగిలిన తుక్కు కోసం నెలకోసారి వచ్చేది. ఆ రోజు సంచి అడుగున గుప్పెడు ఇటుకలు కనబడితే ఎస్తేర్ రెండు తీసి నొక్కి చూసింది. ఎవరి పిల్లలు పారేసినవో, ఎన్నాళ్లు మట్టిలో నానినవో, అయినా సందు లేకుండా కలిశాయి. లాగితే అంతే శుభ్రంగా విడిపోయాయి. అంత నికార్సైన వస్తువు అన్నేళ్ల మూతల పనిలో ఒక్కటీ ఆమె చేతికి రాలేదు.

"గివేం జేస్కుంటవ్ బిడ్డా?" అంది ఉప్పలమ్మ నవ్వుతూ.

"నాకే ఉంచు అత్తా. ఎన్ని దొరికితే అన్ని."

అలా పదకొండేళ్లు గడిచాయి. తెచ్చిన ఇటుకల్ని సబ్బునీళ్లలో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి, మేడ మీద నీడలో ఆరబెట్టి, రంగుల వారీగా బిస్కెట్ డబ్బాల్లో దాచేది. సినిమాల్లో చూసినవీ, ఫోన్ ఆటల్లో కనబడినవీ కట్టేది. ఒకసారి రాజుగారి పడవ, ఒకసారి ఆటలో దూకి దాటాల్సిన వేలాడే వంతెన, ఒకసారి దయ్యాల బంగళా. నెలో రెండు నెలలో కళ్లారా చూసుకుని, ఒక ఫొటో తీసుకుని విప్పేసేది. వంతెన స్తంభాలు బంగళా కిటికీలయ్యేవి.

"అంత కష్టపడి కట్టి, మళ్ల ఊడదీసుడేందే?" అని తల్లి మార్తమ్మ బాధపడేది.

"ఊడదీస్తేనే గదమ్మా ఇంకోటి కట్టొచ్చేది" అనేది ఎస్తేర్.

జిగురు మాత్రం ఆ ఇంటి గడప తొక్కలేదు. జిగురు తగిలాక అది ఇటుక కాదు, ఉత్త ప్లాస్టిక్ ముక్క.

మూడేళ్ల కిందట తల్లీకూతుళ్లు ఉప్పల్‌లో ఒక సినిమాకు వెళ్లారు. అందులో ఇంటర్వెల్‌కు ముందు సముద్రంలోంచి ఏడు బురుజుల నల్లకోట ఒకటి నీళ్లు కార్చుకుంటూ లేస్తుంది. మార్తమ్మకు కథ నచ్చలేదు, సగంలో కునుకు తీసింది. ఎస్తేర్ ఆ కోటను కళ్లలో పెట్టుకుని ఇంటికొచ్చింది. నల్ల ఇటుకలు చెత్తలో అరుదు. ఉప్పలమ్మకు చెప్పి పెట్టింది. అవి గుప్పెడు గుప్పెడుగా చేరుతుంటే, ఫోన్లో ఆ దృశ్యం ఆపి ఆపి చూస్తూ, పద్నాలుగు నెలలు కట్టింది. వాళ్ల మెట్ల మలుపు ఇరుకు కాబట్టి ఏడు బురుజులూ దేనికది ఊడివచ్చేలా కట్టింది. పూర్తయ్యేసరికి కోట ఆమె నడుము దాకా వచ్చింది.

తమ్ముడు ఆరోన్ బోడుప్పల్‌లో భార్యాబిడ్డలతో ఉంటాడు. వేడుకలకు అలంకరణలు చేసే ఒక కంపెనీలో కాంట్రాక్టు పని. ఒక ఆదివారం అమ్మను చూడ్డానికి వచ్చినవాడు గది గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అక్కా, గిది ఆ సినిమాల కోటనే గదా! మస్తు జేసినవ్. వచ్చే నెల రెండో భాగం వస్తుంది. ఉప్పల్ల థియేటర్ లాబీ డెకరేషన్ మాకే వచ్చింది. గిది పెడ్తే జనం కదలరు."

"ఇయ్య."

"నీ పేరు పెట్టిపిస్త. పెద్ద బోర్డు."

పదకొండేళ్లలో ఎస్తేర్ కట్టినవి చూసింది అమ్మా, ఉప్పలమ్మా, గోడ మీది బల్లులూ. నాలుగు రోజులు ఆలోచించి ఫోన్ చేసింది. "రెండు మాటలు. నా పేరుండాలె. ఏడు బురుజులు ఏడు డబ్బాలల్ల ఎట్ల పోతే అట్ల ఇంటికి రావాలె."

"నీ తమ్ముణ్ణక్కా! గంత ఫికర్ ఏంది?"

ఏ బురుజు ఎక్కడ కూర్చోవాలో కాగితం మీద బొమ్మ గీసిచ్చింది. రెండుసార్లు విప్పి, రెండుసార్లు అతనితోనే పెట్టించి నేర్పింది. డబ్బాలు ట్రాలీ ఆటో ఎక్కుతుంటే మార్తమ్మ ప్రార్థన చేసింది.

సినిమా విడుదలైన రెండో ఆదివారం, చర్చి నుంచి నేరుగా తల్లిని తీసుకుని ఉప్పల్ వెళ్లింది ఎస్తేర్. లాబీ మధ్యలో, నీలం దీపాల కింద కోట. చుట్టూ తాడు, తాడు చుట్టూ జనం. ఒకామె చంటిబిడ్డను ఎత్తి బురుజులు లెక్కపెట్టి చూపిస్తోంది. తన చేతులతో చేసింది ఇంతమంది చూడటం ఎలా ఉంటుందో ఎస్తేర్‌కు అప్పటిదాకా తెలియదు.

మార్తమ్మ కళ్లద్దాలు సర్దుకుని బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుంది. ఆమె ముఖం వెలిగిపోయింది. "సూడే, మనోని పేరు! 'రూపకల్పన, నిర్మాణం: ఆరోన్.'"

ఎస్తేర్ కూడా చదివింది. కింద ఇంకేమైనా ఉందేమోనని చూసింది. కంపెనీ పేరుంది, అంతే.

"మోకాళ్లు గుంజుతున్నయి, జర కూసుంట" అని మార్తమ్మ మెట్ల దగ్గరి బెంచీ వైపు నడిచింది. ఎస్తేర్ తాడు దగ్గరికి జరిగింది. నల్లటి గోడల మీద ఎక్కడపడితే అక్కడ సన్నటి మెరుపు, అతుకుల దగ్గర గడ్డకట్టిన చుక్కలు. దీపం వెలుగేమో అనుకుంది. తాడు మీంచి చెయ్యి చాచి దగ్గరి బురుజును పట్టుకుని మెల్లగా తిప్పింది. తిరగలేదు. గట్టిగా తిప్పింది. కోట మొత్తం ఒకే దిమ్మలా కదిలింది.

సెక్యూరిటీ అతను పరుగున వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఓ అమ్మా! ఏం జేస్తున్నవ్?"

గొడవకు ఇద్దరు మనుషులు అటు వచ్చారు. ఒకాయన కంపెనీ యజమాని చిదంబరం. పక్కన మెడలో బ్యాడ్జీతో ఆరోన్.

"ఎవరీవిడ?" అని చిదంబరం ఆరోన్‌ను అడిగాడు.

ఆరోన్ అక్క వంక చూశాడు. సెక్యూరిటీ అతని గుప్పిట్లో ఉన్న ఆమె చేతి వంక చూశాడు.

"తెల్వది సార్. ఎవరో ఫ్యాన్ అయ్యుంటది" అన్నాడు.

చిదంబరం చెయ్యి వదలమని సెక్యూరిటీకి సైగ చేశాడు. మంచిగానే మాట్లాడాడు. "దూరం నుంచి చూడండమ్మా. పిల్లలు ముక్కలు పీకేస్తున్నారు. మావాడిని అడిగితే పర్లేదన్నాడు, మొత్తం జిగురు పట్టించేశాం. ఇక నూరేళ్లయినా చెక్కుచెదరదు. పాపం, ఏడాది కష్టపడి కట్టాడండీ."

నోరు తెరిస్తే తమ్ముడి పని పోతుంది. తెరవకపోతే కోట పోతుందా అంటే, అది ఎప్పుడో పోయింది. ఆ లెక్క ఎస్తేర్ అక్కడ నిలబడే వేసుకుంది. మణికట్టు రుద్దుకుంటూ తల్లి దగ్గరికి వెళ్లి, "పోదం పా" అంది.

సాయంత్రం ఆరోన్ మటన్ బిర్యానీ పొట్లాలతో వచ్చాడు. అక్క ముఖం చూడకుండా అమ్మ పక్కన కూర్చున్నాడు.

"నన్ను పర్మనెంట్ జేస్తున్నరక్కా. కోట ఎవరు కట్టిన్రంటే నోట్లకెళ్లి అట్ల వచ్చింది. ఒక్కపారి వచ్చినంక ఎనకకు తీస్కోరాలే."

"పేరు నువ్వే ఉంచుకో. జిగురెందుకు పెట్టనిచ్చినవ్?"

"అడిగిండు, సరే అన్న. పోరగాండ్లు పీకుతుంటే ఏం జెయ్యాలె? అంటిపిస్తే మంచిదే గదా, ఎప్పటికి ఉంటది."

"ఎప్పటికి ఉండాలని నేన్ కట్టలే ఆరోన్. పదకొండేండ్ల ఇటుకలు దాంట్ల ఉన్నయి. ఒక్కటన్న ఊడొస్తదా ఇగ?"

"నలభై రెండేండ్లొచ్చినయ్ నీకు! చెత్తల ఏరిన ప్లాస్టిక్ కోసం తమ్మున్ని గింత సతాయిస్తరా ఎవరన్న?"

ఎస్తేర్ నెమ్మదిగా అడిగింది. "నన్ను తెల్వదన్నవ్ గదా. అది గుడ నోట్లకెళ్లి అట్లనే వచ్చిందా?"

ఆరోన్ బిర్యానీ పొట్లానికి కట్టిన దారం విప్పుతూ ఉండిపోయాడు. మార్తమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "వాడు అట్ల అనడు. నువ్వే తప్పు ఇన్నవ్" అంది. ఎస్తేర్ లేచి లోపలికి పోయింది. ఆ రాత్రి బిర్యానీ వాళ్లిద్దరే తిన్నారు.

సినిమా వెళ్లిపోయాక కోటను తెచ్చివ్వమంటావా అని ఆరోన్ అడిగాడు. మెట్ల మలుపులో పట్టదు, వద్దంది ఎస్తేర్. అది బోడుప్పల్‌లోని కంపెనీ ఆఫీసుకు పోయింది.

రెండు నెలల తర్వాత ఆరోన్ మళ్లీ వచ్చాడు. ఈసారి ఆటోలోంచి పెద్ద అట్టపెట్టె దింపాడు. కొత్త ఫోన్ ఆట ఏదో వస్తోంది, అందులోని తేలే నగరం కట్టివ్వాలని చిదంబరం అతనికే అప్పగించాడు. కంపెనీయే ఇటుకలు కొనిచ్చింది.

ఆరోన్ పెట్టె తెరిచాడు. సీలు తియ్యని సంచుల్లో తెలుపు, బూడిద, లేత నీలం, అద్దంలాంటివి. అంత కొత్త ఇటుకల్ని ఎస్తేర్ ఎన్నడూ చూడలేదు. ఒక సంచి చించి చెయ్యి లోపల పెట్టింది. ఎక్కడా గీత లేదు, మట్టి వాసన లేదు. నగరం అడుగున ఏవి రావాలో, ఏవి పైన నిలుస్తాయో అప్పటికే ఆమె తలలో కదలడం మొదలైంది. ఆ సంగతి ఆరోన్ ఆమె ముఖంలో చూశాడు.

"ఈపారి నీ పేరు చెప్తక్కా."

"ఎవల్కి చెప్తవ్?"

అతను తటపటాయించాడు. "ముందుగాల పని కానీ. మెల్లగ చెప్త."

ఎస్తేర్ చెయ్యి బయటికి తీసి, సంచి నోరు మడిచి పెట్టెలో పెట్టింది. "కోట నువ్వే కట్టినవ్ గదా. గిది గుడ కట్టు."

అతను బతిమాలాడు, అరిచాడు, చివరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆమె గ్యాసు మీద అన్నం పెట్టుకుంటూ నిలబడింది. చీకటి పడక ముందే పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఆఫీసులో చెయ్యి నొప్పి అని చెప్పాడట. ఆ పని వేరేవాళ్లకు పోయింది, అతని ఉద్యోగానికి మాత్రం ఏమీ కాలేదు.

అయినా మార్తమ్మ ఊరుకోలేదు. "తోడబుట్టినోని నోటికాడి కూడు గుంజినవ్" అని వారం రోజులు కూతురితో మాట్లాడలేదు. తర్వాత, మనవరాలి మీద మనసైందని, రెండు జతల బట్టలు సర్దుకుని బోడుప్పల్ వెళ్లింది. నాలుగు రోజులన్నది నలభై రోజులైంది.

ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలో భోజనాల వేళ తల్లి ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది.

"వాని ఆఫీస్ సూపెట్టిండే. కోట ముంగట్నే పెట్టిన్రు, అద్దాల పెట్టెల. అచ్చినోళ్లు ఫొటోలు దిగుతున్నరు. ఆ చిదంబరం సారు ఎంత మంచోడో! మీ కొడుకు చేతుల దేవుడున్నడమ్మా అన్నడు."

"నువ్వేమన్నవ్?"

పద్నాలుగు నెలలు ఆ కోట పక్కనే మంచం వేసుకుని పడుకున్న మనిషి మార్తమ్మ.

"అవున్ సార్, చిన్నప్పటి సంది వాడంతే అన్న. ఏం జెయ్యాలె బిడ్డా. వాని నౌకరి."

భోజనాల వేళ అయిపోయిందని గంట మోగింది. ఎస్తేర్ టిఫిన్ డబ్బా మూత పెట్టింది.

"బీపీ గోలీలు అయిపోతే చెప్పు, పంపిస్త" అని ఫోన్ పెట్టేసి మెషీను దగ్గరికి వెళ్లింది.