ఉత్తగా వచ్చిన డ్రైవర్

డ్రైవర్ అంటే కారు నడిపే మనిషి కాదని మదన్ మోహన్ రావు గారికి నచ్చజెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. కంప్యూటర్‌లో పాట వినాలన్నా, మైకులో మనం మాట్లాడింది అవతలివాళ్ళకు చేరాలన్నా లోపల సౌండ్ కార్డు అనే ముక్క ఒకటి ఉండాలి. దాని చేత పని చేయించే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. అది లేకపోతే కార్డు ఉన్నా లేనట్టే. ఇంత వివరంగా చెప్తే ఆయన తాపీగా పేపరు మడిచి, "మరి గా డ్రైవర్‌కు జీతమెంత?" అన్నాడు.

"ఏం లేదు సార్. ఉత్తగనే అచ్చింది."

"ఉత్తగ అచ్చినోడు ఉత్తుత్తి పనే జేస్తడు శోభా. మా తాత కాలం సంది చూస్తున్న."

"మీ తాత దగ్గర ఉత్తగ చేసినోళ్లు మంచిగనే చేసిండ్రట గద సార్. లేకుంటె గంత పెద్ద గడీ ఎట్ల లేస్తుండె?"

వేరే ఎవరైనా అయితే కోపానికి వచ్చేవాడే. ఆయన మీసం కింద నవ్వుకుని మళ్ళీ పేపరు విప్పాడు. కోరుట్ల బస్టాండ్ ఎదురుగా మా నెట్ సెంటర్. గదీ కంప్యూటర్లూ ఆయనవి, కష్టం నాది. భూములు పోయి, కోటలాంటి ఆ దొరల గడీ కూలిపోయాక ఏదో ఒక వ్యాపారం ఉండాలని ఆయన ఇది పెట్టాడు. జగిత్యాలలో కంప్యూటర్ కోర్సు చేసి ఊరికే కూర్చున్న నన్ను పిలిచి తాళాలు చేతికిచ్చాడు.

దొంగ కాపీ విండోస్‌తో మొదలుపెట్టాం. వారం తిరక్కుండా వైరస్ పట్టేది. నేను రాత్రింబవళ్ళు అదే మళ్ళీ ఎక్కించేదాన్ని. విసుగొచ్చి, ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలోని లినక్స్ ఎక్కించాను. దానికి యజమాని లేడు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగు చేసి నలుగురికి పంచొచ్చు. దాంతో పాటే ఉత్తగా వచ్చింది సౌండ్ డ్రైవర్. ఎక్కించిన రోజు కిక్కురుమనలేదు. దాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాక తెలిసింది, అది వచ్చేటప్పుడే అన్ని వాల్యూములూ మూసుకుని వస్తుందట. మనమే ఒక్కొక్కటి తెరవాలి. తెరిస్తే మాట వచ్చింది గానీ వెనకాల గుయ్యిమని ఒకటే హోరు. పాటల కోసం వచ్చే కుర్రాళ్ళు హెడ్‌ఫోన్ తీసి నా ముఖం వైపు చూసేవాళ్ళు.

బయటి దేశం కంపెనీ ఒకటి డబ్బుకు ఇంకో డ్రైవర్ అమ్మేది. శాంపిల్ ఊరికే ఇచ్చేది. అబ్బ, ఏం శబ్దం దానిది! పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉండేది. కాకపోతే పది నిమిషాలు కాగానే నోరు మూసుకునేది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెడితే ఇంకో పది నిమిషాలు. కొనుక్కోవాలంటే క్రెడిట్ కార్డు కావాలన్నారు. అప్పట్లో కోరుట్లలో నాకు తెలిసిన ఎవరి దగ్గరా అది లేదు. హైదరాబాద్‌లో ఉన్న బావమరిదితో కొనిపిస్తానని రావు గారు మాటిచ్చాడు. ఆ బావమరిది ఈయన ఫోను ఎత్తడం మానేశాడు.

లస్మవ్వ మా సెంటర్‌కు వచ్చింది ఆ రోజుల్లోనే. సిరిసిల్ల మనిషి. కోరుట్లలో అక్క ఇంట్లో ఉంటోంది. గడప దగ్గరే నిలబడి, "ఈడ దుబాయిల ఉన్నోళ్లతోటి మాట్లాడిపిస్తరట గద చెల్లె?" అంది.

ఆమె భర్త రాజనర్సు వెల్గటూరు దిక్కు కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. చెట్లెక్కడం ఇష్టం లేక సిరిసిల్ల పోయి సాంచాలు నడిపే కార్ఖానాలో కుదిరాడు. మిగతాచోట్ల మరమగ్గాలంటారు గానీ మా దిక్కు సాంచాలే. అదే షెడ్డులో లస్మవ్వ కండెలకు నూలు చుట్టేది. తర్వాత సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వాళ్ళ గల్లీలో ఒకాయన ఉరి పెట్టుకున్నాడు. దాంతో ఈమే భర్తను బతిమాలి దుబాయికి పంపింది. అక్కడి కంపెనీ జీతమివ్వలేదు. ఆయన బయటికి వచ్చేసి, కాగితాలు లేకుండా దాక్కుని పని చేస్తున్నాడు. అట్లాంటివాళ్ళను ఖల్లివల్లి అంటారు.

ఆ ఏడాది అక్కడి సర్కారు క్షమాభిక్ష ప్రకటించింది. గడువు లోపల తమంతట తాము వచ్చి పేరిస్తే జైలూ జరిమానా లేకుండా ఇంటికి పంపుతారు. గడువు దాటాక దొరికితే జైలే. రాజనర్సు కదలడం లేదు. ఇదివరకు ఒకడు కాగితాలు చేయిస్తానని పాస్‌పోర్టు పట్టుకుపోయాడు, మళ్ళీ కనిపించలేదు. అప్పటి నుంచి ఆయన ఎవరు చెప్పినా నమ్మడం లేదు. శుక్రవారం శుక్రవారం మాత్రం బుగ్గారం పిల్లవాడు రంజిత్ గదికి వచ్చి అన్నం తిని పోతాడు. ఆ గదిలో కంప్యూటర్ ఉంది. "మా ఇంటిది జెప్తె అప్పుడు సూద్దాం" అన్నాడట రాజనర్సు.

"పొమ్మన్నదాన్ని నేనే చెల్లె. రమ్మనాల్సింది గూడ నేనే. ఆయినెకు ఏమన్న అయితె నేను బతుకుడు ఎందుకు?" అంది లస్మవ్వ. ఏడవలేదు.

రంజిత్ మొబైల్‌కు ఫోన్ చేయమంటే వద్దంది. మొగుడు నోరు విప్పడానికే చాలాసేపు పడుతుందట, ఫోను బిల్లు అంతసేపు ఆగదట.

మొదటి శుక్రవారం నేను శాంపిల్ డ్రైవర్ పెట్టాను. శుభ్రంగా వినిపించాలి కదా అని నా తాపత్రయం. "బాగున్నవా" అని లస్మవ్వ అంటే "బాగున్న" అన్నాడు రాజనర్సు. "తిన్నవా" అంటే "తిన్న" అన్నాడు. తర్వాత ఇద్దరూ ఊరుకున్నారు. ఆ డ్రైవర్‌తో ఆ ఊరుకోవడం కూడా ఎంత స్పష్టంగా వినిపించిందంటే, అవతలి గదిలో ఎవరో చెంచా కింద పెట్టిన చప్పుడు కూడా తెలిసింది. ఆఖరికి ఆయన గొంతు సవరించుకుని, "లస్మీ, నేనొకటి అడుగుత..." అన్నాడు. అంతే, పది నిమిషాలు అయిపోయాయి. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టి కలిపేసరికి, మాట్లాడటం ఇష్టం లేక ఆమే పెట్టేసిందనుకుని ఆయన లేచి వెళ్ళిపోయాడని రంజిత్ రాశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కంపెనీవాడు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో. ఇక గడువు లోపల మిగిలింది ఒకే ఒక్క శుక్రవారం. ఆ వారమంతా నేను రావు గారి వెంట పడ్డాను, ఆయన బావమరిది వెంట పడ్డాడు. పని కాలేదు. "డబ్బు పెట్టి కొంటనన్నా దొరుకత లేదు, ఇదేం లోకం?" అని ఆయనే తల పట్టుకున్నాడు.

చివరి శుక్రవారం వచ్చింది. ఇక ఉత్తగా వచ్చిన డ్రైవరే గతి. వాల్యూములన్నీ తెరిచి, లస్మవ్వ తలకు హెడ్‌ఫోన్ తగిలించి, పక్క కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను. అవతలి నుంచి రంజిత్ టైపు చేశాడు: గుయ్యిమనుడు తప్ప ఏం ఇనవడ్తలేదు అక్కా.

వైరు ఊడదీసి పెట్టాను. మైకు మార్చాను. నేను "హలో" అంటే వినబడిందన్నాడు. లస్మవ్వను మాట్లాడమంటే లేదన్నాడు. డ్రైవర్‌ను, దాన్ని రాసిన వాళ్ళను, పంచిన పత్రికను కలిపి తిట్టాను.

"నేను ముందుగాల్నే చెప్పిన," అన్నాడు రావు గారు.

"మీరు ఊకోండ్రి సార్ జెర," అని విసురుగా వెనక్కి తిరిగాను. అప్పుడు చూశాను ఆమెను.

లస్మవ్వ మాట్లాడుతోంది. పెదవులు చకచకా కదులుతున్నాయి. కుడిచెయ్యి గాల్లోకి లేచి ఏదో చూపిస్తోంది, వేళ్ళు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. గొంతు మాత్రం లేదు.

హెడ్‌ఫోన్ ఒక పక్క ఎత్తి, "అక్కా, గట్టిగ మాట్లాడవేంది?" అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "గింత సప్పుడుల గొంతు పెడితె ఏం ఇనవడ్తది చెల్లె? షెడ్డుల మేం గిట్లనే మాట్లాడుకుంటం."

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. సాంచాలు నడిచే షెడ్డులో చెవి దగ్గర అరిచినా వినబడదు. అక్కడివాళ్ళు పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. ఏళ్ళ తరబడి అదే అలవాటు. చెవుల్లో హోరు పడగానే ఆమె గొంతు దానంతట అదే ఆగిపోయింది.

"అక్కా, గిది షెడ్డు కాదు. ఆయినెకు నువ్వు కనవడవు. నోరు తెరిచి మాట్లాడాలె," అని, అవతల రాజనర్సు ఏం చేస్తున్నాడని రంజిత్‌ను అడిగాను. జవాబు చదివి నవ్వాపుకోలేకపోయాను. ఆయన కూడా మైకు ముందు కూర్చుని పెదవులు ఆడిస్తున్నాడట. పిచ్చి లేసిందేమోనని రంజిత్ భయపడుతున్నాడు.

"మొగుడూ పెండ్లాం మంచిగ దొరికిండ్రు," అన్నాడు రావు గారు, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

లస్మవ్వ సిగ్గుపడింది. హెడ్‌ఫోన్ ఒక చెవి నన్ను పెట్టుకోమంది. తప్పు మాట్లాడితే చెప్పాలట. ఇద్దరం తలలు ఆనించి కూర్చున్నాం. ఆమె గొంతు పెట్టి, "ఇగో, నేనే," అంది.

"ఆఁ, ఇనవడ్తుంది," అన్నాడు రాజనర్సు. ఈసారి ఆయన ఆగలేదు. హోరులో ఆయనకు ధైర్యం వచ్చినట్టుంది. "లస్మీ, గా సప్పుడు సాంచాలదేనా?"

లస్మవ్వ హెడ్‌ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"అందరు సాంచాలు మళ్ల నడుస్తున్నయంటున్నరు. రంజిత్ గూడ గదే అంటున్నడు. గిప్పుడు నా చెవులకు గూడ ఇనవడ్తుంది. నువ్వు సిరిసిల్లల్నే ఉన్నవు గదా? నడుస్తున్నయా?"

దేవుడే ఇచ్చిన అవకాశం. ఊఁ అంటే చాలు, మనిషి బయల్దేరతాడు. వచ్చాక సంగతి వచ్చాక చూసుకోవచ్చు. అనమని ఆమె మోచెయ్యి పొడిచాను, తల ఊపి చూపించాను. హెడ్‌ఫోన్‌కు దగ్గరగా వంగి వింటున్న రావు గారు కూడా కళ్ళతో అదే అంటున్నాడు. లస్మవ్వ మా ఇద్దరి వైపూ చూసి, మైకు దగ్గరికి జరిగింది.

"లేదు," అంది. "గిది సాంచాల సప్పుడు గాదు, కంప్యూటర్ సప్పుడు. సాంచాలు బందే ఉన్నయి. నేను సిరిసిల్లల లేను. కిరాయి కట్టలేక ఇల్లు ఇడిసిపెట్టిన. కోరుట్లల అక్క ఇంట్ల ఉంటున్న, బీడీలు జేస్తున్న. నువ్వు అచ్చినా ఈడ పని లేదు."

అవతలి నుంచి ఆ దిక్కుమాలిన గుయ్యిమనడమే వస్తోంది. అంతా పాడు చేసుకుంది పిచ్చిది అనుకున్నాను. ఏడుపొచ్చింది నాకు. రావు గారు కిటికీ వైపు తిరిగిపోయాడు.

"పని లేదు గని, నువ్వు రా," అంది లస్మవ్వ మళ్ళీ. "జైల్ల పడకు. గంతే నేను అడిగేది."

అప్పుడు రాజనర్సు మాట్లాడాడు. "గీడికి అచ్చిన కాడికెల్లి నాకు ఒక్కడు నిజం చెప్పలేదు లస్మీ. ఏజెంటు చెప్పలే, కంపెనీ చెప్పలే, పాస్‌పోర్టు పట్టుకపోయినోడు చెప్పలే. సాంచాలు నడుస్తున్నయని అన్నోళ్లది గూడ అబద్ధమే అని నాకు ఎర్కనే. నువ్వు గూడ నడుస్తున్నయంటె, గీ క్షమాభిక్ష గూడ అబద్ధమే అనుకుందును. గిప్పుడు నమ్మిన. రేపు పోయి పేరిస్త."

లస్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తున్నది అవతలికి వినబడకూడదని. నా చెవికి మాత్రం వినబడుతూనే ఉంది.

"ఉన్నవా?" అన్నాడు ఆయన.

"ఉన్న."

"బీడీలు జేసుడు నాకు రాదు."

"నేర్పుత తియ్యి," అంది లస్మవ్వ.