అచ్చు అమ్మే

ఫోన్ మోగేసరికి నా చేతుల నిండా సబ్బు నురుగు.

కిటికీలోంచి పడ్డ ఎండలో రంగురంగుల బుడగలు — ఒక్కొక్కటే పగులుతున్నాయి. మోచేత్తో స్పీకర్ నొక్కాను.

"నాకు లేదే!" అక్క అరిచింది. "రిపోర్ట్ వచ్చింది. అమ్మ జబ్బు నాకు లేదే, పిచ్చిదానా!"

ఎగిరి గంతేశాను. ఆ నురుగుతోనే మా ఆయన్ని వాటేసుకున్నాను. కొత్త పెళ్ళికూతుర్ని — అతని చొక్కా తడిపే అవకాశం చచ్చినా వదలను.

నవ్వాం. గట్టిగా నవ్వాం.

అటువైపు అక్క ఏడుస్తోంది.

అమ్మ బట్టలు కుట్టేది. సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కించేది. నలభై దాటాక వేళ్ళు వాటంతటవే కదలడం మొదలైంది — గాలి లేకుండానే ఊగే ఆకుల్లా.

తర్వాత భుజాలు. తర్వాత మాట. చివరికి మా పేర్లు...

గాలి ఎక్కడా లేదు. ఆకులు ఊగుతూనే ఉన్నాయి.

తల్లికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం అన్నాడు డాక్టర్. ఎవరిది వాళ్ళదే. ఒకరు తప్పించుకుంటే అది రెండోవాళ్ళ మీద పడదు. ముఖం పోలికకూ జబ్బుకూ సంబంధం లేదు. నిదానంగా, మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

అక్కది నాన్న ముక్కు, నాన్న నడక, నాన్న కోపం. నాది అమ్మ జుట్టు, అమ్మ సొట్టబుగ్గ. ఎండలోకి వస్తే చాలు, అమ్మలాగే వరసగా తుమ్ములు.

"అచ్చు అమ్మే!" అని మేనత్త బుగ్గ గిల్లేది. పొంగిపోయేదాన్ని.

ఈమధ్య ఆ మాట అనడం మానేసింది.

మానేశాకే భయం వేసింది.

"నా వంతు కూడా నీకే వచ్చిందేమోనే..." అక్క వెక్కుతోంది.

"పంచుకోడానికి అదేమన్నా అమ్మ గాజులా?" అన్నాను.

అక్క నవ్వలేదు. ఫోన్ పెట్టేసింది.

తిరిగి చూస్తే — మా ఆయన నా వేళ్ళ వంకే చూస్తున్నాడు. చటుక్కున తల తిప్పుకున్నాడు.

నేనూ చూసుకున్నాను. కదిలాయా? లేదు... కదిలాయా?

"చలేస్తోందా?" అన్నాడు.

"లేదు."

ఈ కొత్త కాపురంలో నాకన్నీ ముద్దే — ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు, అతని గురక, ఉప్పు మర్చిపోయిన కూర. పుట్టబోయే పిల్లలకు ఇప్పుడే పేర్లు వెతుకుతాం. నీ సొట్టబుగ్గ రావాలి, అంటాడతను.

సొట్టబుగ్గతో పాటు ఇంకేం వస్తుందో —

చేతులు తుడుచుకున్నాను.

"రేపు షాపు తియ్యకు," అన్నాను. "పొద్దున్నే ల్యాబుకి పోదాం. రక్తం ఇస్తాను."